పోషణ, పాత్రత, పాత్ర: నిరాశ్రయ బాల్యం పట్ల సమాజ బాధ్యత – ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘పెంచు’ అనే క్రియకు కర్మగా మొక్క రావచ్చు, దూడ రావచ్చు, బిడ్డ రావచ్చు. మూడింటికీ ఒకే క్రియ సరిపోతుంది. సంస్కృతం నుండి వచ్చిన ‘పోషణ’ ఇంకా విశాలమైనది. కుటుంబపోషణ, కళాపోషణ, నేటి వ్యవహారంలోని పోషకాహారం ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. అన్నం పెట్టడమూ కళను నిలబెట్టడమూ పరస్పరం సంబంధం లేని పనులని భాష భావించలేదు. అయితే ఈ మాటలన్నింటిలోనూ బిడ్డ కర్మస్థానంలోనే ఉంటుంది. పెంచేవారు వేరు, పెరిగే బిడ్డ వేరు. తల్లిదండ్రులు లేని బిడ్డ విషయంలో ఈ వ్యాకరణం మరింత బిగుసుకుంటుంది. ‘అనాథ’ అంటే నాథుడు లేని వ్యక్తి. (ఈ మాటను ‘అనాధ’ అని అచ్చువేయడం పత్రికలకు అలవాటైపోయింది. అక్షరం మారి నాథుడు మాయమయ్యాడు గాని, మాటలోని చూపు మారలేదు.) ‘దిక్కులేని’ అన్న తెలుగు మాటలో దిక్కు అంటే ఆశ్రయం, దిశ కూడా. ఈ రెండు మాటలూ బిడ్డను ఆ బిడ్డకు లేనిదానితోనే నిర్వచిస్తున్నాయి.

ఇక్కడ ఒక నైతిక ప్రశ్న ఉంది. నిస్సహాయ స్థితిలో ఉన్న బిడ్డకు సమాజం ఏం బాకీపడి ఉంది? అన్నం, వస్త్రం, నీడ అన్న సమాధానం వెంటనే వస్తుంది. అది తప్పు కాదు. కాని పుచ్చుకోవడం ఒక్కటే తెలిసిన స్థితిలో బిడ్డను ఉంచడం కూడా ఒక లేమి అవుతుందా? అవుతుందని అంగీకరిస్తే, కూరపాదుకు నీరు పోయడం, నాటకంలో వేషం కట్టడం, పదిమందికి వడ్డించడం వంటి పనులు సహాయానికి చేర్చిన అలంకారాలు కావు. సహాయంలోనే భాగాలవుతాయి. ఈ వాదానికి బలమైన ఆక్షేపణలు రెండున్నాయి. ఒకటి, బిడ్డచేత పని చేయించడం దోపిడీకి దారి తీస్తుందన్నది. రెండవది, ఆకలిగొన్న బిడ్డకు కళ ఎందుకన్నది. రెండూ తోసిపుచ్చదగినవి కావు.

దానధర్మాల సంప్రదాయంలో పుచ్చుకునేవారికి ‘పాత్రత’ ఉండాలి. పాత్ర అంటే వస్తువు పోయడానికి తగిన గిన్నె. దానం పోయడానికి తగిన మనిషీ పాత్రుడే. ఈ ఆలోచనలో పుణ్యం దాత పక్షాన, అర్హత ప్రతిగ్రహీత పక్షాన నిలుస్తాయి. తెలుగునేలపై ఈ లెక్కను పక్కకు నెట్టినవారిలో డొక్కా సీతమ్మ (1841–1909) ముఖ్యులు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆమె ఇంటికి వచ్చిన ఆకలిగొన్నవారికి వేళ చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టినట్లు ప్రసిద్ధి. పాత్రతకు ఆకలి ఒక్కటే నిదర్శనంగా ఆమె స్వీకరించింది. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లోని ప్రతి బిడ్డకూ ఏడాదికి కనీసం 200 రోజులపాటు, రోజుకు 300 కేలరీలు, 8 నుండి 12 గ్రాముల ప్రొటీన్ ఉండేలా వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దానిని హక్కుగా స్థిరపరచింది. హక్కు అన్న మాట రాగానే పాత్రత ప్రసక్తి పోతుంది. బిడ్డ తన ఆకలిని ఎవరికీ రుజువు చేసుకోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. మహాదాత పేరును హక్కుకు పెట్టడంలో గౌరవం ఉంది, కొంత వైరుధ్యమూ ఉంది. దానం చేసిన చేతిని తలచుకుంటూ తినే అన్నం, తనకు రావలసిందిగా తినే అన్నం ఒకే కంచంలో ఉన్నా ఒకే భావన కలిగించవు.

హక్కు బిడ్డను అవమానం నుండి కాపాడుతుంది. కాని హక్కుదారు కూడా పుచ్చుకునే స్థానంలోనే ఉంటాడు. ఇవ్వగలిగే స్థానం మరొకచోట వెతకాలి. అందుకు సాహిత్యంలో దొరికే అత్యుత్తమ దృష్టాంతం శకుంతల.

శకుంతల వదిలివేసిన బిడ్డ. మేనక విడిచి వెళ్లగా శకుంతపక్షులు కాచిన శిశువును కణ్వుడు తెచ్చి పెంచాడు. ఈ కథ తెలుగువారికి నన్నయ ఆదిపర్వం నుండి, పిల్లలమర్రి పినవీరభద్రుని శృంగార శాకుంతలం నుండి, కందుకూరి వీరేశలింగం అనువదించిన నాటకం నుండి పరిచితం. విమర్శకులు ఆమెను ప్రణయనాయికగా, పరిత్యక్త పత్నిగా చూచినంతగా ఆశ్రమంలో పెరిగిన దిక్కులేని బిడ్డగా చూడలేదు. కాళిదాసు మాత్రం ఆ సంగతి మరవలేదు. ప్రథమాంకంలో ఆమె చెలులతో కలిసి చెట్లకు నీరు పోస్తూ ప్రవేశిస్తుంది. తండ్రికి నీకన్నా ఈ చెట్లే ఎక్కువ ఇష్టమేమో అని అనసూయ పరిహాసమాడితే, తండ్రి ఆజ్ఞ ఒక్కటే కాదని, వాటిపై తనకు తోబుట్టువుల మీద ఉండే ప్రేమ ఉందని శకుంతల బదులిస్తుంది. తోబుట్టువులు లేని బిడ్డ చెట్లను తోబుట్టువులుగా చేసుకుంది. చతుర్థాంకంలో అత్తవారింటికి బయలుదేరేటప్పుడు ఒక లేడిపిల్ల ఆమె చీరకొంగు పట్టుకుంటుంది. ఈనిన కొద్దికాలానికే తల్లి చనిపోగా శకుంతల శ్యామాకధాన్యం పిడికిళ్లతో పెట్టి సాకిన పిల్ల అది. దర్భ గుచ్చుకొని దాని నోటికి గాయమైతే ఇంగుదీతైలం రాసి మాన్పింది. తల్లిలేని పిల్లను తల్లిలేని పిల్ల పెంచింది. కణ్వుడు శకుంతలకు చేసిన మేలంతా ఈ ఒక్క సన్నివేశంలో తెలుస్తుంది. ఆయన ఆమెకు అన్నం పెట్టడంతో ఆగలేదు. తాను చేసిన పనినే ఆమె మరొక ప్రాణికి చేయగలిగే చోటు ఇచ్చాడు. ‘పెంచు’ క్రియకు అంతవరకు కర్మగా ఉన్న బిడ్డ కర్త అయింది.

మొదటి ఆక్షేపణ కూడా ఈ నాటకంలోనే ఉంది. చెట్టుచాటు నుండి శకుంతలను చూచిన దుష్యంతుడు, ఇంత సుకుమారిని ఆశ్రమపు పనులకు నియోగించిన కణ్వునికి వివేకం లేదని అనుకుంటాడు. ఆ మాటలో మోహమే ఎక్కువ, నిజమే. అయినా ప్రశ్న నిలుస్తుంది. ఆశ్రయమిచ్చినవారు ఆశ్రితబాలికచేత నీళ్లు మోయించడం న్యాయమా?

ఆధునిక భారతంలో ఈ ప్రశ్న 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభలో ప్రత్యక్షంగా చర్చకు వచ్చింది. చేతిపని కేంద్రంగా విద్య సాగాలని, ఆ పని ఉత్పత్తితో పాఠశాల తన ఖర్చు తానే భరించగలదని గాంధీ ప్రతిపాదించాడు. ప్రతిపాదనలోని మొదటి సగం విలువైనది. రెండవ సగాన్ని ఆర్థికశాస్త్రవేత్త కె.టి.షా తీవ్రంగా వ్యతిరేకించాడు. పాఠశాల బతుకు పిల్లల చేతిపని అమ్మకం మీద ఆధారపడితే విద్య వెనుకబడి ఉత్పత్తి ముందుకు వస్తుందన్న భయం అమూలకం కాదు. మన ప్రాంతంలో ఇదే ఆందోళన మరో రూపంలో వ్యక్తమైంది. 1990 దశకం నుండి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ బడికి రాని ప్రతి బిడ్డనూ బాలకార్మికునిగానే పరిగణించాలన్న వైఖరి తీసుకున్నారు. ఇంటిపని, పొలంపని, పశువుల కాపుదల ప్రమాదం లేనివి కనుక పరవాలేదనే వాదాన్ని వారు అంగీకరించలేదు. ‘పని నేర్పుతున్నాం’ అన్న మాట చాటున పేద పిల్లల బాల్యం ఎంత తేలికగా కూలిగా మారుతుందో చూచినవారి పట్టుదల అది. కలిగినవారి పిల్లలకు తోటపని వినోదం, పేదపిల్లలకు శిక్షణ. ఈ తేడా కనిపించిన చోట అనుమానించడమే మంచిది.

కాబట్టి తోట వాదాన్ని నిలబెట్టాలంటే గీత గీయక తప్పదు. అది పని స్వభావంలో దొరకదు. పాదు చేయడం ఒకచోట ఆట, మరొకచోట వెట్టి కావచ్చు. గీత అన్నానికీ పనికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. బిడ్డ ఇవాళ నీరు పోయనంటే మధ్యాహ్నం కంచంలో ఏమైనా తగ్గుతుందా? తగ్గేటట్లయితే అది కూలి, దానికి ఏ పేరు పెట్టినా. తగ్గకపోతే బిడ్డ పోసిన నీరు బిడ్డ ఇచ్చినదే అవుతుంది. హక్కు ముందు స్థిరపడితేనే ఇవ్వడం సాధ్యం. శకుంతల చెట్లకు నీరు పోయని రోజున కణ్వునికి కూతురు కాకుండా పోదు. ఆమెను సాగనంపేటప్పుడు ఆయన చెట్లతో చెప్పేది కూడా ఆమె చాకిరీ లెక్క కాదు. వాటికి నీరు పోయనిదే తాను తాగని, అలంకారం మీద మక్కువ ఉన్నా చిగురు తుంచని ఆమె ప్రేమనే గుర్తుచేస్తాడు. దుష్యంతుని ఆక్షేపణకు సమాధానం ఇంతకన్నా స్పష్టంగా ఉండదు. మరొక చిన్న పరీక్షనూ దీనికి చేర్చాలి. కాసిన కాయ ఎవరి కంచంలోకి వెళ్తోంది? పిల్లలు పెంచిన ఆనపకాయ పిల్లల సాంబారులోకి కాక పెద్దల సంచుల్లోకి వెళితే మాటలు అనవసరం.

పాఠశాలల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. తెలుగు ఊళ్లలో ఇది కొత్త ఊహ కాదు. చేతులు కడిగిన నీరు పోయే చోట బచ్చలిపాదు, గోడవార మునగ, బావి దగ్గర కరివేపచెట్టు ప్రతి పెరటికీ ఉండేవి. బడితోటలో తోటకూర, గోంగూర వేస్తే మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తాయి. పిల్లల ఓపికకు సరిపడే గడువు అది. రసాయనాలు వాడకపోవడానికి ఇక్కడ ఒక సూటి కారణం ఉంది. ఆ మట్టిలో చేతులు పెట్టేది పిల్లలు, ఆ ఆకు అదే వారంలో తినేదీ వారే. పురుగుమందు చల్లిన పాదు దగ్గరకు బిడ్డను రానివ్వరాదు. రానివ్వలేని తోట బిడ్డది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ద్వారా ప్రచారమైన జీవామృతానికి కావలసినవి పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, చెట్టుకింది మట్టి. వాసనకు ముక్కు మూసుకునే పిల్లలే కర్రతో కలపడానికి పోటీపడతారు. కంచాల్లో మిగిలినది, కూరల తొక్కలు ఎరువుగుంటకు వెళ్లి, మళ్లీ ఆకుకూరగా వంటగదికి వస్తాయి. పారవేయదగినదని ఎవరో నిర్ణయించినది తిరిగి పనికి రావడం, పారవేసిన బాల్యం చూచి తెలుసుకోదగిన విషయం.

వంటగది సంగతి ఇంకా లోతైనది. తెలుగు రాష్ట్రాల బడుల్లో వండేది చాలాచోట్ల ఆ ఊరి పొదుపు సంఘాల మహిళలే. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలని సర్వోన్నత న్యాయస్థానం 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఎవరు వండారన్నది ఎవరు తింటారన్నదాన్ని నిర్ణయించే సమాజంలో ఈ ఆదేశం పోషకవిలువల పట్టికకు అందని పోషణ. ఒకే వరుసలో కూర్చుని, ఒకరికొకరు వడ్డించుకునే పిల్లలు కేలరీలతోపాటు మరొకటి కూడా తింటున్నారు. కూతురి కంచంలోకి గుడ్డు రావడానికి ఇంట్లో కొడుకు వంతు తరువాతే అవకాశం ఉన్న చోట, బడి వరుసలో ఆమెకు వంతు ఆమె కూర్చున్న క్రమాన్నిబట్టి వస్తుంది.

రెండవ ఆక్షేపణ కళను గురించినది. ఆకలి రుచి ఎరుగదని సామెత. రుచే ఎరుగని ఆకలికి రసం సంగతి చెప్పడం క్రూరం కాదా? ముందు కడుపు నింపి, తరువాత పాట నేర్పవచ్చన్న క్రమం సహజంగా తోస్తుంది. ఈ క్రమాన్ని అత్యంత కఠినంగా పరీక్షించిన ఒక చోటు చరిత్రలో ఉంది. అక్కడికి తోడుగా వెళ్లిన నాటకం మన దేశానిదే కనుక, పోలండుకు ఈ చర్చను తీసుకుపోవడం దూరప్రయాణం కాదు.

వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్ 1912 నుండి వార్సా నగరంలో యూదు అనాథబాలల గృహాన్ని స్తెఫానియా విల్చిన్‌స్కా సహకారంతో నడిపాడు. అక్కడ పిల్లలకు సొంత న్యాయస్థానం ఉండేది. పిల్లలు పెద్దలమీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కోర్చాక్ తానే ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డ సందర్భాలున్నాయి. దాని నియమావళిలో శిక్షలకన్నా క్షమకే ఎక్కువ చోటు. నేల తుడవడం, వడ్డించడం, చిన్నవారిని చూసుకోవడం పిల్లలు వంతులవారీగా చేసేవారు. అన్నానికీ ఆ వంతులకూ లంకె లేదు. 1940లో నాజీలు యూదులను గెట్టో గోడల మధ్య బంధించినప్పుడు ఈ గృహాన్నీ అక్కడికి తరలించారు. ఆ తరువాతి కాలమంతా కోర్చాక్ ప్రతిరోజూ సంచి పట్టుకుని పిల్లల తిండి కోసం ఇంటింటికీ తిరిగాడు. అంటే అన్నం విలువ తెలియక కళను నెత్తికెత్తుకున్న మనిషి కాదు.

ఆ గెట్టోలోనే ఉన్న ఒక చర్చి పూజారికి ఈ పిల్లలు రాసిన లేఖ మిగిలింది. శనివారాల్లో తెల్లవారినప్పటి నుండి పదిగంటల వరకు చర్చి తోటలోకి తమను రానివ్వమని కోరారు. గాలికి, పచ్చదనానికి ముఖంవాచి ఉన్నామని, మొక్కలతో పరిచయం చేసుకోవాలని ఉందని, వాటిని పాడుచేయబోమని రాశారు. ఆకలితో ఉన్న పిల్లలు రాసిన ఆ లేఖ తిండి కోసం కాదు. ‘ముందు అన్నం, తరువాత మిగిలినవి’ అనే క్రమం పెద్దలు పిల్లల కోసం వేసిన క్రమమని, పిల్లలు వేసుకున్నది కాదని ఆ లేఖను బట్టి ఊహించవచ్చు. పాడుచేయబోమన్న మాట మరీ గమనించదగినది. అన్నీ పోగొట్టుకున్నవారు మొక్కలకు అభయమిచ్చారు.

1942 జూలై 18న ఆ పిల్లలు రవీంద్రనాథ్ టాగూర్ 1911లో రచించిన ‘డాక్‌ఘర్’ నాటకాన్ని పోలిష్ అనువాదంలో ప్రదర్శించారు. ఈ నాటకాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, మరణాన్ని ప్రశాంతంగా స్వీకరించడం నేర్చుకోవాలని కోర్చాక్ చెప్పినట్లు ప్రసిద్ధి. ప్రదర్శన జరిగిన మూడు వారాలలోపే, ఆగస్టు తొలి రోజుల్లో, దాదాపు 200 మంది పిల్లలను, కోర్చాక్‌ను, విల్చిన్‌స్కాను, ఇతర సిబ్బందిని త్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. ముగింపు తెలిసినవారికి ఆ ప్రదర్శన మరణానికి అభ్యాసంగానే కనిపిస్తుంది. ఆ వ్యాఖ్యానం నాటకంలో సగాన్ని వదిలేస్తుంది.

‘డాక్‌ఘర్’లోని అమల్ తల్లిదండ్రులు లేని బాలుడు. మాధవ్ అతన్ని తెచ్చి పెంచుకుంటున్నాడు. జబ్బు కారణంగా బయటికి పోరాదని వైద్యుడు శాస్త్రం చెప్పి గదిలో కూర్చోబెడతాడు. సంరక్షణ పేరుతో తలుపులన్నీ మూస్తారు. మిగిలింది కిటికీ. ఆ కిటికీలో నుండి అమల్ దారినపోయేవారిని పిలిచి మాట్లాడతాడు. పెరుగు అమ్ముకునేవాడు తొందరపడుతూ వచ్చి, వెళ్లేటప్పటికి, తన పనిలో ఆనందం ఉందని ఈ పిల్లవాని వల్ల తెలుసుకుంటాడు. కావలివాడు, పూలు కోసే సుధ, వీధిలో ఆడుకునే పిల్లలు, అందరూ అమల్ దగ్గర ఏదో తీసుకుని వెళ్తారు. ఆటకు పోలేని అమల్ తన బొమ్మలను పిల్లలకిచ్చి తన కిటికీ ముందు ఆడుకోమంటాడు. అందరి సంరక్షణా పొందుతున్నవాడే అందరికీ ఇస్తున్నాడు. గోడల మధ్య ఉన్న పిల్లలు ఈ పాత్రలు కట్టారు. ఆ సాయంకాలం వారు ఎవరి జాలికీ పాత్రులు కారు. పెరుగువాడు, కావలివాడు, పూలపిల్ల, రాజవైద్యుడు అయ్యారు. చూడవచ్చిన పెద్దలు పుచ్చుకునేవారయ్యారు. ‘పాత్ర’ అన్న మాటకు గిన్నె, అర్హుడు, నాటకంలో వేషం అన్న మూడు అర్థాలు ఒకేచోట ఉండటం యాదృచ్ఛికం కావచ్చు. అయినా మొదటి రెండు అర్థాల్లో ఎవరో పోస్తేనే నిండే పాత్ర, మూడవ అర్థంలో తానే ఇతరులను నింపుతుంది.

నేటి ఆచరణలో కళ ఈ మూడవ అర్థం నుండి రెండవ అర్థానికి జారిపోవడం తరచు కనిపిస్తుంది. ఆశ్రమగృహాల వార్షికోత్సవాల్లో పిల్లలు దాతల ముందు స్వాగతనృత్యం చేస్తారు. ఒక బిడ్డను వేదికమీదికి పిలిచి తన కష్టగాథ చెప్పిస్తారు. శాలువాలు, ఫొటోలు, చప్పట్లు. అక్కడ బిడ్డ పోషిస్తున్న పాత్ర ‘అనాథ’ ఒక్కటే. అది ముందే ఉన్న వేషం, విప్పడానికి వీలులేనిది. తోటకు పెట్టిన పరీక్షనే దీనికీ పెట్టవచ్చు. బిడ్డ ఆడనంటే, ఆ సాయంత్రం చందా తగ్గుతుందా? తగ్గేటట్లయితే ఆ నృత్యం కూడా కూలియే. పిల్లలు రాజు, దొంగ, పులి, పోస్టుమాస్టరు వేషాలు వేసుకుని తమ ఊరివారికి, వండి పెట్టే ఆమెకు, పక్క తరగతికి ఆడి చూపితే సంగతి వేరు. చూసేవారు దాతలు కాకపోవడం అవసరం. రంగులు కొనడానికి డబ్బు లేని చోట తోలుబొమ్మల స్థానంలో అట్టబొమ్మలు, తెరగా పాత దుప్పటి సరిపోతాయి.

ఈ వాదమంతా బడి తెరిచి ఉన్న రోజులకు సంబంధించినది. ఏప్రిల్ చివర బడులు మూసి జూన్ నడుమ తెరుస్తారు. సరిగ్గా బావుల్లో నీరు అడుగంటే కాలం అది. మధ్యాహ్న భోజనం ఆగుతుంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పెట్టాలని 2004 నాటి ఉత్తర్వులోనే ఉంది. మిగిలినచోట్ల 200 రోజుల హక్కు తక్కిన రోజులను చూడదు. వసతిగృహాలు కూడా మూస్తారు. ఇల్లున్న పిల్లలు ఇళ్లకు వెళ్తారు, లేనివారు ఏ బంధువు పంచనో చేరతారు. ఆరునెలలు పెంచిన మునగమొక్క తట్టుకుంటుంది గాని, బచ్చలిపాదు వారం రోజులకే ఎండుతుంది. జూన్‌లో తిరిగివచ్చిన బిడ్డకు కనిపించేది వట్టి తీగ. చేసిన పని అలా ఎండిపోతే, ఇవ్వడం నేర్చుకున్న బిడ్డ దాన్ని మరువడం కూడా నేర్చుకుంటుంది. శకుంతల ఆశ్రమం విడిచేటప్పుడు తాను పెంచిన వనజ్యోత్స్న అనే తీగను చెలుల చేతికి అప్పగిస్తుంది. తీగను సరే, తమను ఎవరికి అప్పగించి పోతున్నావని చెలులు కన్నీళ్లు పెట్టుకుంటారు.